కొలిచి పెట్టిందే

గుమాస్తా పోయి ఎనిమిది రోజులైంది. ఇల్లు ఊడుస్తుంటే చీపురుకి ఇంకా వెంట్రుకలు తగులుతూనే ఉన్నాయి. సోఫా కింద, బీరువా వెనక, తలుపు సందుల్లో. వాడున్నన్నాళ్ళూ రోజుకి రెండుసార్లు ఊడ్చి, రెండుసార్లూ విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఒక్కసారే ఊడుస్తున్నాను. అదీ మధ్యలో ఆగి, గోడకి ఆనుకుని, కాస్త ఊపిరి తీసుకుని.

గుమాస్తా మా కుక్క. ఆ పేరు పెట్టింది మావారు. పిల్లగా వచ్చిన మొదటి వారంలోనే వంటింటి గుమ్మంలో అడ్డంగా పడుకుని, లోపలికి వెళ్ళే ప్రతి సంచినీ వాసన చూసి, మొహం ఎగాదిగా చూసి గానీ వదిలేవాడు కాదు. "వీడెవడో మన పద్దు రాసుకుంటున్నాడు, అచ్చం గుమాస్తా" అన్నారాయన. పదమూడేళ్ళు వాడు ఆ గుమ్మంలోనే ఉద్యోగం చేశాడు. మా అత్తయ్య రోజుకి పదిసార్లు "గుమ్మంలో ఏమిట్రా, దారికి అడ్డం!" అనేది. వాడు తోక ఒకసారి నేలకి కొట్టి మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. మేమే కాలెత్తి దాటుకుని వెళ్ళేవాళ్ళం.

నాలుగేళ్ళ కిందట వాడికి మొదటిసారి జబ్బు చేసింది. క్లోమం వాచిందన్నాడు కుక్కల డాక్టరు. "ఇక కొవ్వు అరిగించుకోలేడమ్మా. వెన్న, నూనె, బిస్కెట్లు, ఏదీ ఒక్క ముక్క కూడా వద్దు. నేను చెప్పిన తిండి, చెప్పినంత."

ఆ పని నేను తీసుకున్నాను. ఒక పాత ప్లాస్టిక్ గ్లాసు మీద ఎర్రటి గోళ్ళరంగుతో గీత గీశాను. కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నేర్పినట్టు, గ్లాసుని కంటికి సమంగా ఎత్తిపట్టి, గీత దాటిన నాలుగు గింజలు కూడా వెనక్కి తీసేసేదాన్ని. ఫ్రిజ్ తలుపు మీద చార్టు అంటించాను: పూట, ఎంత, ఎవరు పెట్టారు. ఒకసారి మా అమ్మాయి చిట్టి బిస్కెట్ ముక్క పెడుతూ దొరికిపోతే గంటసేపు కూర్చోబెట్టి క్లోమం గురించి చెప్పాను. ఆ తర్వాత తండ్రీ కూతుళ్ళు నన్ను 'వార్డెన్' అనుకోవడం నా చెవిన పడింది. అననీ, కుక్క బతికితే చాలు అనుకున్నాను.

వాడు పోయిన రోజు పదకొండింటికి వాంతులు మొదలయ్యాయి. శనివారం కాబట్టి చిట్టి ఇంట్లోనే ఉంది. ఇద్దరం దుప్పట్లో ఎత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కి చూస్తూ డాక్టరు అడిగాడు.

"నిన్నా ఇవాళా ఏం తిన్నాడు? బయటి తిండి ఏమైనా?"

"లేదండీ. కొలిచి పెట్టిందే" అన్నాను.

ఆయన నా వంక ఒక్క క్షణం చూసి సూది తీశాడు. చిట్టి వాడి తల పట్టుకుని నిలబడి ఉంది. తలెత్తలేదు. సాయంత్రానికి వాడు పోయాడు.

మూడోనాడు మావారు షాపుకి బయల్దేరుతూ ఆగారు. ఆయనది కళ్ళద్దాల షాపు. ఏదైనా తప్పు చేస్తే తన అద్దాలు తీసి తుడవడం మొదలెడతారు.

"అరిగిపోతాయి. విషయం చెప్పండి" అన్నాను.

"ఏం లేదు. వాణ్ణి సాయంత్రం వాకింగ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి కదా. బేకరీ దగ్గర ఆగేవాడు. ఎంత లాగినా కదిలేవాడు కాదోయ్."

"పదమూడేళ్ళ ముసలి కుక్క. మీరు లాగలేకపోయారు."

"రోడ్డు మీద నలుగురూ చూస్తుంటే బావుండదని..."

"ఏం పెట్టేవారు?"

"బన్ను. సగమే! మిగతా సగం నేను తినేవాణ్ణి. నాకూ షుగరు కదా, మొత్తం తింటే మంచిది కాదని."

మామూలుగా అయితే ఆ మాటకి పొయ్యి మీదున్నది మాడిపోయేదాకా నవ్వుకునేదాన్ని. ఆ రోజు నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది. "సరే, షాపుకి టైమవుతోంది" అన్నాను. ఆయన తిట్ల కోసం ఇంకాసేపు నిలబడి, రాకపోయేసరికి దిగులుగా వెళ్ళిపోయారు.

అత్తయ్య అయితే ఒప్పుకోకుండానే ఒప్పుకుంది. సరుకుల చీటీ రాస్తుంటే పక్కన కూర్చుని, "ఆ బిస్కెట్లు ఇక రాయకు" అంది.

"టీలోకి మీకు కావాలి కదత్తయ్యా?"

"నాకు పళ్ళెక్కడున్నాయే? ఇన్నాళ్ళూ ఎవరి కోసం తెప్పిస్తున్నాననుకున్నావు?" అని చిరాకుపడి, కళ్ళొత్తుకుంటూ లేచి వెళ్ళింది.

ఇద్దరినీ నేను పల్లెత్తు మాట అనలేదు. పాపం బాధలో ఉంది, అందుకే ఊరుకుంది అనుకున్నారు. అనడానికి నాకు నోరెక్కడుంది?

రోజూ పొద్దున్న ఐదున్నరకి లేచేదాన్ని నేనొక్కదాన్నే. పాలు కాచి చల్లారబెట్టి, ఇల్లు కదిలేలోపు చేసుకునే పనులు చేసుకుంటాను. పథ్యం మొదలైన వారానికి ఒకనాడు వెనక గోళ్ళ చప్పుడైంది. గుమ్మం దాటి ఎన్నడూ లోపలికి రాని కుక్క వచ్చి, నా కాలికి ఒళ్ళానించి నిలబడింది. ఏమీ అడగలేదు. నిలబడింది, అంతే. ఇంట్లో అందరూ లేచి నన్ను ఏదో ఒకటి అడిగేవాళ్ళే. పాలగిన్నె మీంచి చెంచాడు మీగడ తీసి పెట్టాను. ఒక్క చెంచాయే. అదీ అంచుకి సమంగా.

నాలుగేళ్ళలో ఒక్కరోజు మానలేదు. చార్టులో ఒక్కరోజూ రాయలేదు. ఆఖరి రోజు మాత్రం రెండు చెంచాలు పెట్టాను. ముందురోజు సాయంత్రం గిన్నెలో సగం వదిలేశాడు, నీరసంగా కనబడ్డాడు అని.

ఇందులో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. సైకిలు మీద క్యానుతో వచ్చి పదిహేనేళ్ళు మాకు పాలు పోసినాయన. "ఈ పాలకి మీగడే కట్టడం లేదు, నీళ్ళు కలుపుతున్నాడు" అని అత్తయ్య నెలలకొద్దీ సణిగి, చివరికి ఒకరోజు గేటు దగ్గర నిలదీసింది. ఆయన నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండమ్మా" అన్నాడు. "రేపట్నుంచి వద్దులే" అన్నది నేనే. "మీ గిన్నెలోనే ఏదో ఉందమ్మా" అంటూ సైకిలెక్కాడు. తర్వాత వచ్చినాయన పాలకీ మీగడ కట్టలేదు. లోకంలోనే పాలు చెడిపోయాయని అత్తయ్య తేల్చేసింది. మొన్న మాత్రం నేనింకా మీగడ తీయకముందే పాలగిన్నె చూసి, "ఈమధ్య కాస్త బాగుపడ్డాయే, కొత్తాయన దారిలో పడ్డాడు" అంది. నేను స్టవ్ తుడుస్తూ ఊఁ అన్నాను.

ఇవన్నీ మోసుకుంటూ ఎన్నాళ్ళయినా ఉండేదాన్నేమో. కానీ చిట్టి తిండి మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు. ఇంత అన్నం మెతుకులు కెలికి లేచిపోయేది. వెన్న డబ్బా ఎనిమిది రోజులుగా పెట్టింది పెట్టినట్టే ఉంది. మామూలుగా అది వారం రాదు. వంటింట్లోకి రావడం మానేసి, మంచినీళ్ళు కూడా హాల్లోంచే అడుగుతోంది. స్కూలు నుంచి టీచరు ఫోన్ చేసి, "ఆటల పీరియడ్‌లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందండీ" అని చెప్పింది.

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను తన గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"నీతో చెప్పొద్దని చిట్టి ఒట్టేయించుకుంది. ఒట్టు నా నెత్తిన పడితే పడనీ. ఆ ముందురోజు సాయంత్రం వాడికి వెన్న రాసిన రొట్టె పెట్టిందట. ఒకటి కాదు, మూడు."

నేను మంచం మీద కూర్చున్నాను.

"దానివల్లే పోయాడని కుమిలిపోతోంది. అదొక్కటే కాదు. డాక్టరు అడిగితే నువ్వు కొలిచి పెట్టిందే అన్నావట కదా. 'అమ్మ ఎప్పుడూ అబద్ధం ఆడదు నానమ్మా, నావల్ల అమ్మ అబద్ధమాడినట్టయింది, నేను పక్కనే ఉండి చెప్పలేదు' అని ఒకటే ఏడుపు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

తల కొట్టేసినట్టయింది. సాయంత్రం గిన్నెలో సగం ఎందుకు మిగిలిందో అప్పుడు అర్థమైంది. రొట్టెలతో నిండిన పొట్ట చూసి, తినలేదనుకుని నేను రెండో చెంచా పెట్టాను.

ఏం చెయ్యను? 'నీ తప్పేం లేదు' అని దగ్గరకు తీసుకోవచ్చు. వార్డెన్ మాట కాబట్టి నమ్ముతుంది. ఆ నమ్మడానికే నాకు భయం వేసింది.

మర్నాడు మిగిలిపోయిన మందుల అట్టలూ, విప్పని తిండి సంచీ తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. వేరే ఎవరికైనా పనికొస్తాయని. కాంపౌండరు అవి లోపల పెడుతుంటే డాక్టరు సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండీ" అన్నాను.

"ఏది?"

"కొలిచి పెట్టిందే అని."

ఆయన తువ్వాలు అందుకున్నాడు. "అదా! అందరూ అదే అంటారమ్మా. ఆ మాట వినగానే నేను రెండింతలు తిన్నాడని లెక్కేసుకునే వైద్యం చేస్తాను. నాలుగేళ్ళు పథ్యం చేసిన కుక్క అంత బరువుంటుందా?"

"మరి... దానివల్లేనా?"

"ఏమో. గట్టిగా పథ్యం చేస్తే ఇంకో ఆర్నెల్లు ఉండేవాడేమో. చేసినా ఆ రోజే పోయేవాడేమో. ముసలితనం కూడా ఉంది కదా. మీరు నిజం చెప్పినా అదే సూది వేసేవాణ్ణి. అంతవరకే నేను చెప్పగలను."

చివాట్లు పెడతాడనుకుని వెళ్ళాను. పెట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిరిగి వస్తూ బస్టాపు బెంచీ మీద కూర్చుంటే రెండు బస్సులు వెళ్ళిపోయాక గానీ లేవలేకపోయాను.

ఆదివారం పొద్దున్న పాలు చల్లారాక చిట్టిని లేపి వంటింట్లోకి రమ్మన్నాను. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఫ్రిజ్‌లోంచి మూత పెట్టిన గిన్నె తీసి గట్టు మీద పెట్టాను.

"ఏంటది?"

"మీగడ. వాడు పోయిన దగ్గర్నుంచీ రోజూ తీసి పెట్టింది. ఏం చెయ్యాలో తెలియక."

"అయితే?"

"అంతకుముందు రోజుల మీగడంతా ఎక్కడికి పోయిందో అడుగు."

గిన్నె వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. మెల్లిగా కళ్ళు పెద్దవయ్యాయి.

"నువ్వా?"

"నేనే."

"రోజూనా?"

"రోజూ. ఒక చెంచా."

"మరి చార్టులో?"

"రాయలేదు."

"అమ్మా! ఒక్క బిస్కెట్ ముక్కకి నాకు గంట క్లాసు పీకావు!"

"పీకాను."

"పాపం పాలాయన్ని కూడా మానిపించేశారు!"

"నేనే మానిపించాను."

"ఛీ" అంది. అని, అప్పుడు ఏడ్చింది. ఎనిమిది రోజులూ గదిలో తలుపేసుకుని ఏడ్చినట్టు కాదు, గట్టిగా, ముక్కు కారేలా. దగ్గరకు వెళ్ళకుండా స్టవ్ గట్టు పక్కన నేల మీద కూర్చున్నాను. కాసేపటికి అదీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు కూడా పెట్టావా?"

"రెండు చెంచాలు. సాయంత్రం తినలేదని."

"నేను రొట్టె పెట్టాను కాబట్టి తినలేదు."

"అవును."

కాదని చెప్పమన్నట్టు చూసింది. చెప్పలేదు. "మీ నాన్న బన్ను పెట్టారు. నానమ్మ బిస్కెట్లు. డాక్టరునడిగాను, దేనివల్లో చెప్పలేనన్నాడు. మనందరి వల్లా కావచ్చు, ఎవరి వల్లా కాకపోవచ్చు. కానీ అబద్ధం మాత్రం నాదే. నువ్వు నోరు విప్పేలోపే నేను చెప్పేశాను. నీ రొట్టె సంగతి నాకప్పుడు తెలియనే తెలియదు. అందులో నీకు వాటా లేదు."

"డాక్టరుకి నిజం చెప్పావా?"

"చెప్పాను."

"తిట్టాడా?"

"లేదు. ఇంత లావు కుక్క పథ్యం చేస్తోందంటే ఎవరు నమ్ముతారన్నాడు."

దాని పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వు అని చెప్పలేను. లేచి, నన్ను దాటుకుని, రొట్టెల పొట్లం తీసింది. వెన్న డబ్బా మూత తీసి, అంచులదాకా రాసుకుంది. పళ్ళెం తీసుకుని బల్ల దగ్గరికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. వంటింటి గుమ్మంలో, వాడు పడుకునే చోట, గడపకి వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చుని తినడం మొదలెట్టింది.

చేతికర్ర చప్పుడు వినిపించింది. అత్తయ్య టీ కోసం వచ్చింది.

"గుమ్మంలో ఏమిట్..." అని ఆగిపోయింది. దాన్నీ, చేతిలో రొట్టెనీ చూసింది. నేల మీదున్న నన్ను చూసింది. గట్టు మీద గిన్నె కనబడింది.

"అంత మీగడెక్కడిదే అమ్మాయ్?"

"చెబుతానత్తయ్యా. ముందు లోపలికి రండి. తర్వాత పాత పాలాయన ఇల్లెక్కడో కూడా కనుక్కోవాలి."

"వాడితో నీకేం పని? అయినా లోపలికెలా రానూ, దారేదీ?"

చిట్టి కదల్లేదు. నోటినిండా రొట్టె పెట్టుకుని తలెత్తి నానమ్మ మొహంలోకి చూసింది. అత్తయ్య కర్ర నా చేతికిచ్చి, తలుపు చెక్క పట్టుకుని, పదమూడేళ్ళ అలవాటు కొద్దీ కాలెత్తి దాటి లోపలికి వచ్చింది.