నొప్పైతే చెయ్యి లేపమ్మా

"లవంగం పెట్టుకో, అదే పోతది" అంటూ మా అత్త సౌభాగ్యమ్మ పోపుల డబ్బా నా ముందుకు జరిపింది. నేను పిల్లల టిఫిన్లు సర్దుతున్నాను. దవడ వాచి నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. వారం నుంచి రొట్టె మానేసి అన్నం చారులో పిసికి మింగుతున్నా, ఆ వాపు పైకి కనబడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. వడ్డించేదాన్ని నేనే కదా, నా కంచంలోకి చూసే పని ఎవరికుంటుంది?

"గింత పన్నుకు భయపడ్తవేంది, ఇద్దరు పిల్లలను కన్నదానివి" అన్నాడు మా ఆయన బిల్లీ. బీరంగూడలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి రెండుసార్లు పోయి మెట్ల మీంచే వెనక్కి వచ్చానని నవ్వాడు. కానుపు మాట ఎత్తకపోతే బాగుండేది. ఆ రోజు కానుపు గదిలో నర్సులు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మీదికి వంగి, జెర ఆగుండ్రమ్మా అని ఎంత మొత్తుకున్నా ఎవరూ ఆగలేదు. "అందరు కంటలేరా?" అన్నారు. సూదంటే నాకు భయం లేదు. ఆ కుర్చీలో కూడా అట్లాగే పడుకోవాలి. నోట్లో వాళ్ళ చేతులుంటే మొత్తుకోవడానికి కూడా ఉండదు. ఇది చెబితే మళ్ళీ నవ్వుతాడని చెప్పలేదు.

ఈసారి తానే బండి మీద తీసుకొచ్చి బయట కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నేను పారిపోకుండా కాపలా, అంతే.

"నొప్పైతే ఎడమ చెయ్యి లేపమ్మా, ఆపేస్త" అంది డాక్టర్ హర్షిణి. నాకు లోపల నవ్వొచ్చింది. పటాన్‌చెరులో మందుల కంపెనీ ప్యాకింగ్ లైను మీద పనిచేస్తాను. బాత్రూముకు పోవాలంటే చెయ్యి లేపాలి, సూపర్‌వైజరు చూసి నా చోట్లోకి ఇంకొకరిని పంపాలి. మా చేతులు లేచే ఉంటాయి, ఆయన తల ఫోన్లోంచి లేవదు. చివరికి మేమే డ్యూటీలో నీళ్ళు తాగడం మానేశాం.

మిషన్ తిరిగింది. పన్ను జివ్వుమంది. రెండు చేతులతో కుర్చీని పట్టుకుని ఓర్చుకున్నాను. ఆ విద్య నాకు బాగా వచ్చు. కాసేపటికి డాక్టరమ్మే ఆపేసింది.

"కండ్లల్ల నీళ్ళు కారుతున్నయి. చెయ్యెందుకు లేపలే, బ్యూలా?"

"లేపితే ఆపుతరా?"

"చెప్పిన గదా."

ఇంకో సూది వేసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నొప్పి లేదు. అయినా చెయ్యి లేపాను. టక్కున చప్పుడు ఆగింది.

"నొస్తుందా?"

"లేదు మేడం. ఊకెనే లేపి చూసిన" అన్నాను మొద్దుబారిన నోటితో.

కోప్పడుతుందనుకున్నాను. "ఎన్నిసార్లన్న చూడు" అంది. ముప్పై ఆరేళ్ళ మనిషిని, ఆ కుర్చీలో పడుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఆగింది. నా ఏడుపు అయ్యాకే మళ్ళీ మిషన్ పట్టుకుంది. భయం ఎప్పుడు పోయిందో తెలియదు, పని పూర్తయ్యేసరికి కుర్చీని వదిలేసి నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

దూది కరిచిపట్టుకుని బయటికి వచ్చాను. బిల్లీ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. "అయిపాయె గదా, ఉత్తగనే పరేషానైనవ్. జల్దీ ఎక్కు. పోయి రొట్టెలు చెయ్యాలె, అమ్మ గోలీ ఏసుకునే టైమయింది. రేపు డ్యూటీకి గిట్ల..."

నేను బండెక్కలేదు. ఎదురుగా నిలబడి ఎడమ చెయ్యి లేపాను.

"ఏందే?" అన్నాడు. జవాబు కోసం చూడకుండా మళ్ళీ రొట్టెల దగ్గర్నుంచి అందుకున్నాడు.

అతను ఆపేదాకా ఆ చెయ్యి దించదలచుకోలేదు.