పుయేయో కాళ్ళు

మా ఆడపడుచు పువాలా ఆ వారమంతా తీసిన ఫొటోలు అందమైనవే. పచ్చిక మీదుగా గాలికి ఎదురుగా వస్తున్న గుడ్లగూబ, బారజాపిన రెక్కలు, కాటుక దిద్దినట్టున్న పసుపు కళ్ళు. మా దీవుల్లో దాన్ని పుయేయో అంటాం. పగలే వేటాడుతుంది. మా అత్తగారి వంశాన్ని కాచే పెద్ద దిక్కు అదే. దానికేసి వేలు చూపించం, గడ్డం ఎత్తి చూపిస్తాం.

మా ఆయన లోపకా ఫొటోలన్నీ చూసి, "బాగున్నాయి చెల్లీ. గోడకు తగిలించుకో. రేపు గడ్డి కోసేస్తున్నా" అన్నాడు.

"అందులో గూడుందన్నయ్యా!"

"పోయినేడూ ఇదే అన్నావు. నీ మాట విని సగం పొలం వదిలేశా. గూడూ లేదు, గుడ్డూ లేదు. గడ్డి వానకి కుళ్ళింది. ఆవులకి నీ ఫొటోలు వెయ్యమంటావా?"

"ఈసారి నిజంగా ఉంది."

"అయితే పద, లోపలికెళ్ళి చూద్దాం."

"నువ్వు తొక్కుకుంటూ వెళ్తే తల్లి లేచిపోతుంది. మళ్ళీ వస్తుందో రాదో!"

"వెళ్ళనివ్వవు, కొయ్యనివ్వవు. చూపించు మరి!"

చూపించడమే కష్టం. పుయేయో గూడు నేల మీద, గడ్డి మధ్యలో ఉంటుంది. తల్లి పొదుగుతుంటే మగపక్షి ఎలుకను కాళ్ళతో పట్టి తెచ్చి ఇస్తుంది. పువాలా ఫొటోల్లో ఎలుక ఒక్కదాంట్లోనూ లేదు.

ఆ సాయంత్రం పొలానికి పికప్ బండి నేనే నడిపాను. దాన్ని చూసి పక్షులు బెదరవు, దిగితేనే బెదురుతాయి. రోజూలాగే గాలి మా వీపుకు తగిలేలా ఆపబోయాను. అలా ఆపితే పుయేయో ఎదురుగా, నెమ్మదిగా వస్తుంది.

"వద్దు వదినా. ఈ ముఖాల మోజే నన్ను ముంచింది. ఎదురుగా తీస్తే కాళ్ళు పొట్ట కింద దాగిపోతున్నాయి. కంచె పక్కకి తిప్పు."

"పక్క నుంచైతే రివ్వున పోతుంది, ఒక్కటీ కుదరదనేదానివిగా?"

"కుదరకపోతే రేపు మీ ఆయన ట్రాక్టర్‌కి నువ్వే అడ్డంగా పడుకో."

సన్నగా జల్లు పడుతోంది. అన్నం, మాంసం ఎండిన సముద్రపు నాచు రేకులో చుట్టి తెచ్చిన ముద్ద ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. కిటికీ అంచు మీద తువ్వాలు మడత పెట్టి, దాని మీద కెమెరా ఆనించి కూర్చుంది.

మగపక్షి వాలు దగ్గర గాలిలో నిలబడినట్టే ఆగి, ఒక్కసారిగా కిందపడి, లేచింది. గాలివాటున మా ముందునుంచి దూసుకుపోయింది. పువాలా నడుము పైభాగం మాత్రమే దానితో పాటు తిరిగింది, కీలు మీద తలుపు తిరిగినట్టు. పక్షి విరిగిన కంచె గుంజ పక్కన గడ్డిలోకి దిగింది. నేనైతే అక్కడితో సంబరపడి కెమెరా దించేసేదాన్ని. ఆమె దించలేదు. వెంటనే పక్షి మళ్ళీ లేచింది. పువాలా మళ్ళీ ఫొటో తీసింది.

ఇంటికి రాగానే లోపకా ముందు కెమెరా పెట్టింది.

"ముఖమేదే? అంతా రెక్కేగా."

"ముఖం వదిలెయ్. కాళ్ళు చూడు."

గోళ్ళ కింద ఎలుక తోక వేలాడుతోంది. తర్వాతి ఫొటోలో అదే గుంజ, అదే పక్షి, కాళ్ళు ఖాళీ.

"అక్కడే తినేసిందేమో."

"దిగీ దిగగానే లేచింది. మలసాదా బూరెలు నువ్వు మింగినంత వేగంగా అది కూడా తినలేదన్నయ్యా."

లోపకా నవ్వలేదు. రెండు ఫొటోలూ ముందుకీ వెనక్కీ జరుపుతూ చాలాసేపు చూశాడు. వాటిలో ఒక్కటీ గోడకు పెట్టేది కాదు. అంత మంచి ఫొటోలు నేనింతవరకూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గుర్తు కర్రలు భుజాన వేసుకుని, "ఎంత వదలమంటావు?" అన్నాడు.

"గుంజ నుంచి వాగుదాకా."

"అంతెందుకే, రాణీవాసమా?"

"పొలమంతా అడగనందుకు సంతోషించు."

గొణుక్కుంటూనే వెళ్ళాడు. దూరంగా కంచె బయటనుంచే కర్రలు పాతుతుంటే, వాకిట్లోంచి పువాలా గొంతు చించుకుని అరిచింది: "గూటికి ఇంకా దూరంగా, ఇవతలికి, అన్నయ్యా! ఇంకా!"

ఆయన కర్ర పీకి, ఇవతలికి వచ్చి పాతాడు.