కోల్డ్ స్టోరేజీ మల్లెలు

లింగమూర్తిని ఎవరైనా పిసినారి అంటే అతని భార్య విమలమ్మ ఒప్పుకునేది కాదు. "పిసినారి ఖర్చే పెట్టడు. ఈయన పెడతడు. కాకపోతే పెట్టేముందు ఆ రూపాయిని ఏడిపిస్తడు" అనేది.

వరంగల్ బీటుబజారులో అతనిది మిర్చి కొని అమ్మే అడ్తి. ముందు దుకాణం, నడుమ గోదాము, వెనక ఇల్లు. కొత్తవాళ్ళెవరొచ్చినా గడపలోనే తుమ్ముతారు, కళ్ళు తుడుచుకుంటారు, మంచినీళ్ళడుగుతారు. ఇంట్లోవాళ్ళకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఆ బస్తాల మీదే కునుకు తీసిన లింగమూర్తి ముక్కయితే ఎప్పుడో చేతులెత్తేసింది. "మిర్చి నన్నేం జేస్తది? దాన్ని నేనే అమ్ముతాన" అని మీసం దువ్వేవాడు.

అతనికి ఒక్కతే కూతురు, భారతి. ఎండాకాలం వచ్చిందంటే ఆ గల్లీలో ఆడపిల్లలందరికీ తల్లులు మల్లెమొగ్గలతో పూలజడ వేసి, ఫోటో స్టూడియోకు తీసుకుపోయి, జడ కనబడేట్టు వెనక అద్దం పెట్టించి ఫోటో దించేవారు. భారతి ఏడేళ్ళప్పుడు అడిగింది. "నీ పెళ్ళికి వేయిద్దాం బిడ్డా. ఇప్పుడేస్తే పొద్దుమీకేసరికి వాడిపోతది" అన్నాడు తండ్రి. పెళ్ళికి వేసిన జడ మాత్రం వాడకుండా ఉంటుందా, మహానుభావా! విమలమ్మ ఆ మాటే అడిగితే వినబడనట్టు తక్కెడ సరిచేసుకున్నాడు. ఆ పిల్ల ప్రతి ఎండాకాలం అడిగింది, ప్రతి ఎండాకాలం అదే జవాబు విన్నది, నమ్మింది కూడా.

హన్మకొండలో బట్టల దుకాణం నడిపే రామలింగం కొడుకుతో సంబంధం కుదిరినప్పుడు భారతి చీర సంగతి ఎత్తలేదు, నగ సంగతి ఎత్తలేదు. "బాపూ, పూలజడ యాదికున్నదా?" అని మాత్రం అడిగింది.

"ఎందుకుండదు? జడ, దండలు, అన్నీ తాజా మల్లెలే" అన్నాడు లింగమూర్తి. ఆ రోజుల్లో ప్లాస్టిక్ దండలు కొత్తగా వచ్చాయి, అగ్గువకు దొరుకుతాయి. అయినా వాటి పేరెత్తలేదంటే అతనికి బిడ్డంటే ఎంత ప్రాణమో అర్థం చేసుకోవాలి.

వియ్యంకుడు రామలింగం ఒకటే షరతు పెట్టాడు. పెళ్ళిచూపులకు వచ్చినరోజు అతని చెల్లెలు వరలక్ష్మి ఆ గడపలో తుమ్మిన తుమ్ములకు మంచం పట్టినంత పనయింది. "బావా, ఏమనుకోవద్దు. పెళ్ళి మీ ఇంటికాడ వద్దు, మా హన్మకొండల సత్రం మాట్లాడుదాం" అన్నాడు. లింగమూర్తి సరేనన్నాడు.

ఇక పూలు. పూలకొట్టు మొగిలయ్య ధర చెప్పగానే లింగమూర్తి చేతిలోకి తీసుకున్న మొగ్గలను తిరిగి గంపలో పోసేశాడు.

"ఇదేం ధరరా? నిన్న ఇందుల మూడోవంతు లేదు గద!"

"నిన్న పెళ్ళిళ్ళు లేవు సేటూ. నీ బిడ్డ పెండ్లినాడు ఊరంత పెండ్లిళ్ళే. నువ్వు మిర్చి అగ్గువున్నప్పుడు కొని కోల్డ్ స్టోరేజీల పెడతవు, పిరమయినంక అమ్ముతవు. మల్లెపువ్వు గట్ల ఆగుతదా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మల్లెపువ్వు ఎందుకాగదో చూద్దామన్న పట్టుదలతో లింగమూర్తి ఇంటికొచ్చాడు.

తదియనాడు ముహూర్తం. అమావాస్యనాడు పెళ్ళిళ్ళుండవు కనుక పూలు కారుచౌక. ఆ పొద్దున గుమాస్తా నర్సయ్యను పూలమండికి తోలాడు. "అమాసనాడు పెండ్లి పూలు కొంటరా ఎవరన్న?" అని విమలమ్మ నెత్తి కొట్టుకుంది. "కొనేది నర్సయ్య. పెండ్లి వానిది గాదు గద" అన్నాడు లింగమూర్తి.

గంపల నిండా విడీవిడని మొగ్గలు వచ్చాయి. వాటిని తన మిర్చి ఉన్న కోల్డ్ స్టోరేజీకే తీసుకుపోయి, బస్తాల పక్కన వరసగా పెట్టించాడు. మొగ్గలకు తడి ఆరకూడదని గంపల మీద తడిపిన గోనెపట్టాలు కప్పించాడు. గోనెలకేం కరువు, దుకాణంలో ఖాళీ మిర్చి సంచులు కుప్పలున్నాయి. వాటినే నీళ్ళలో ముంచి పరిచారు. ఎర్రటి నీళ్ళు కాసేపు బొట్లుబొట్లుగా మొగ్గల మీద కారాయి. నర్సయ్య చూశాడు, లింగమూర్తి చూశాడు, ఇద్దరికీ అందులో వింతేమీ కనబడలేదు. వాళ్ళ దుకాణంలో నీళ్ళు ఎప్పుడూ ఆ రంగులోనే ఉంటాయి.

పెళ్ళినాటి పొద్దున గంపలు తీస్తే మొగ్గలు అప్పుడే కోసినట్టున్నాయి. లింగమూర్తి ఒక దోసెడు తీసి వాసన చూశాడు. నర్సయ్య చూశాడు. విమలమ్మ కూడా, చూడబుద్ధి కాకపోయినా, చూసింది. ముగ్గురికీ కమ్మటి మల్లెవాసన తప్ప మరేమీ తెలియలేదు. పక్క అడ్తివాళ్ళ కోడలు పద్మ వచ్చి దండలు గుచ్చింది. సన్నటి అట్టముక్క మీద జడ కుట్టి భారతి వీపున కట్టింది. భారతి మెడ తిప్పి తిప్పి అద్దంలో చూసుకుంది. "ఎట్లున్నది బాపూ?" అంటే లింగమూర్తికి ఏడేళ్ళ పిల్ల నిలబడ్డట్టే ఉంది.

"మొగిలిగాన్ని పిలిచి చూపియ్యాలె" అన్నాడు.

సత్రంలో అడ్డుతెర పట్టారు. మగపెళ్ళివారికి ఉక్కపోయకూడదని లింగమూర్తి మర్యాదకొద్దీ పెద్ద ఫ్యానును పెళ్ళికూతురి వెనక నుంచి వాళ్ళవైపు తిప్పించాడు. మొదటి తుమ్ము పెళ్ళికొడుకుది. రెండోది పంతులుది, మంత్రం మధ్యలో. ఆ తర్వాత లెక్క తప్పింది. వరలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "శుభమా అని పెండ్లి చేస్తుంటే ఇన్ని తుమ్ములా! ఆపుండ్రి, ఆపుండ్రి!" అని కేకలేసింది. తెరకు అటువైపు నూరుమంది ముక్కులు చీదుతున్నారు. ఇటువైపు ఆడపెళ్ళివారు ఒక్కరికీ ఏమీ కాక, వీళ్ళకేం రోగమని తెల్లమొహాలేసుకుని చూస్తున్నారు.

రామలింగం కళ్ళు తుడుచుకుంటూ లేచి, దండ అందుకుని వాసన చూసి, వెనక్కి రెండడుగులు వేశాడు. "బావా, ఇది మిరపకాయ ఘాటు! ఇల్లు మార్పిచ్చినా ఘాటు ఎంటబడి వచ్చింది గదయ్యా!"

"పూలు తీసేస్తెనే పెండ్లి. లేకుంటే మేం లేచిపోతాం" అన్నది వరలక్ష్మి.

లింగమూర్తి దండలు తీయించాడు. మంటపం తోరణాలు తీయించాడు. ఫ్యాను ఆపించాడు. అయినా పెళ్ళికొడుకు తుమ్ముతూనే ఉన్నాడు. అందరి చూపూ భారతి వీపు మీదికి పోయింది.

"జడ గూడ తియ్యమంటవా బాపూ?" అని అడిగింది భారతి.

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఇన్నేళ్ళ ఎండాకాలాల అబద్ధాలన్నీ ఆ ఒక్క ప్రశ్నలో వినబడ్డాయి లింగమూర్తికి. తల ఊపాడు. పద్మ ముడులు విప్పి, జడను వెనక గదిలో నీళ్ళబిందె మీద పెట్టి వచ్చింది.

నర్సయ్య సైకిలు మీద పోయి మొగిలయ్యను పట్టుకొచ్చాడు. అతని దగ్గర మిగిలినవి రెండు దండలు, రెండు మూరల మల్లె. ధర ఎంతన్నాడో లింగమూర్తి వినలేదు, జేబులోంచి తీసిచ్చేశాడు. మొగిలయ్య హడలిపోయి నర్సయ్యను పక్కకు లాగి, "సేటు బేరం జెయ్యలే! ఏమన్న పాణం బాగలేదా? దవాఖానకు తీస్కపోండ్రి జర" అన్నాడు. ముహూర్తం దాటకుండానే పెళ్ళయింది. తలలో రెండు మూరల మల్లెలతో భారతి తలంబ్రాలు పోసింది.

అప్పగింతలయ్యాయి. కారు దగ్గరిదాకా పోయిన భారతి ఆగి, భర్తతో ఏదో చెప్పింది. అతను నవ్వి, చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని దూరంగా పోయి నిలబడ్డాడు. భారతి వెనక గదికి పోయి, బిందె మీది జడ తెచ్చి పద్మ చేత మళ్ళీ కట్టించుకుంది. ఫోటో తీసేవాడికి అద్దం ఎక్కడ పెట్టాలో తనే చూపించింది.

"బాపూ, నువ్వు గూడ రా" అన్నది.

"నేనెందుకు బిడ్డా, ఇంత జేసినంక?"

"పూలజడ యేయిస్తనన్నవు, యేయించినవు. రా."

ఫోటో తీసేవాడు తుమ్ముతూ తీశాడు. దాంతో ఫోటో కొంచెం కదిలింది. అయినా అన్నీ తెలుస్తాయి. భారతి నవ్వుతోంది, అద్దంలో జడ నిండుగా ఉంది, పక్కన లింగమూర్తి చెంపల నిండా నీళ్ళు. ఆ ఫోటోను పటం కట్టించి దుకాణంలో తక్కెడ పైన తగిలించాడు. ఖర్చుకు వెనకాడకుండా మంచి చట్రమే వేయించాడు.

"ఏంది సేటూ, బిడ్డ నవ్వుతాంది, నువ్వేమో ఏడుస్తానవు?" అని ఎవరైనా అడిగితే, "ఏడుపెక్కడిది? ఆనాడు పూలకు మిర్చి ఘాటు పట్టింది గదా!" అంటాడు. అడిగినవాడు సరేనని తల ఊపుతాడు. బీటుబజారులో లింగమూర్తి ముక్కు సంగతి తెలియనివాళ్ళు లేరు.