నోము గురిగిలో బ్యాటరీ

తిరుపతి ఫోనుకు వెనక మూత పట్టడం మానేస్తే రబ్బరు బ్యాండు వేసి వాడుకుంటున్నాడు. అట్లాంటి ఫోనును అతని భార్య సంతోషి రోజూ రాత్రి తన చేత్తోనే చార్జింగుకు పెడుతూ వచ్చింది. ఎక్కడ? బియ్యం డబ్బా మీద, గ్యాసు సిలిండరుకు జానెడు దూరంలో.

పొద్దున కూతురు గౌతమి ఆ రబ్బరు బ్యాండు లాగి చూసింది. లోపల బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది.

"అమ్మా, దీన్ని ఇగ చార్జింగు పెట్టకు. పొడవకు, వంచకు, నీళ్ళల్ల వెయ్యకు. చెత్తబండ్ల గూడ వెయ్యకు, ఆళ్ళు తీస్కపోయి కాలవెడతరు."

"కాలవెడితే ఏమైతది?"

"మస్తు మంట లేస్తది. పేలుతది గూడ."

గౌతమి పాలిటెక్నిక్‌లో ఆఖరి సంవత్సరం. బ్యాటరీ బయటికి తీసి, కరెంటు అందే ఇత్తడి రంగు ముక్కల మీద నల్ల టేపు అంటించి తల్లి చేతికిచ్చింది. "మట్టి పాత్రల పొడి ఇసుక పోసి అండ్ల పెట్టు. హబ్సిగూడల ఫోన్లు బాగుచేసే సెంటరుంది, పాత బ్యాటరీలు వాళ్ళు తీస్కుంటరు. ఇయ్యాల నాకు ప్రాక్టికల్స్ ఉన్నయి. రేపు ఇద్దరం పోదాం" అని బస్సుకు పరుగెత్తింది. తిరుపతి సిమ్ము తీసి చొక్కా జేబులో వేసుకుని, "ఒక్క పూట ఫోను లేకుంటే పాణం పోదు గని, నువ్వు ఫికర్ వెట్టుకోకు" అని నాచారం కంపెనీలో మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

ఫికరు పెట్టుకోవద్దని సంతోషికి చెప్పడం దండగ. రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపిస్తే ఇంట్లోవాళ్ళు ఎవరెక్కడున్నారో మనసులో వెతుక్కునే మనిషి ఆమె. కూతురు చెప్పిన అన్ని మాటల్లో ఆమె చెవిలో నిలిచింది పేలుతుందన్న ఒక్క మాటే.

మట్టి పాత్ర అంటే ఇంట్లో ఉన్నది నోముల్లో ఇచ్చిన గురిగి ఒక్కటే. ఎదుట కడుతున్న ఇంటి ముందు నుంచి పిడికెడు పిడికెడుగా ఎండిన ఇసుక తెచ్చి ఆ చిన్న కుండలో సగానికి పోసింది. బ్యాటరీ పెట్టి, మీద మళ్ళీ ఇసుక పోసింది. దుమ్మూ వానా పడకుండా మూతికి ఓ గుడ్డ కట్టింది. ఇక పెట్టడం ఎక్కడ? వంటింట్లో సిలిండరు. ముందు గదిలో బొంతలు, బట్టలు. బాత్రూములో తడి. మెట్ల కింద పెడదామంటే పైవాటా కామరాజుగారి స్కూటరు, దాని నిండా పెట్రోలు. మిద్దె మీద ఎండ.

చివరికి ఇంటి వెనక ఖాళీ ప్లాటు గుర్తొచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళకు ఎడంగా సీతాఫలం చెట్టు నీడ ఉంది. ఎవరైనా చూస్తే ఇదేంటని అడుగుతారని అటూ ఇటూ చూసి, చెట్టు మొదట్లో గురిగి పెట్టి గబగబా వచ్చేసింది. అప్పుడు కానీ చాయ్ గొంతు దిగలేదు.

అంట్లు తోముతుండగా పైవాటా రాజ్యం కేక వినిపించింది. తణుకు వైపు వాళ్ళు. మొగుడు కామరాజుకు నాచారంలో బట్టల కొట్టు.

"సంతోషీ, త్వరగా రామ్మా! మన వెనక స్థలంలో ఎవరో చేతబడి చేసి పెట్టారు!"

సంతోషి చేతిలో గిన్నె వదిలేసి బయటికొచ్చింది. "అయ్యో దేవుడా! ఎవలక్కా? ఎవల మీద చేసిన్రట?"

"అది తెలిస్తే ఇంకేం! మట్టికుండ, పసుపూ కుంకుమా, ఎర్రగుడ్డ. పైగా ఇవాళ అమావాస్య. పొద్దున్నే మీ అన్నయ్యగారు స్కూటరు మీంచి పడ్డప్పుడే నాకు అనుమానమొచ్చింది."

నాలుగడుగులు ఆమె వెంట భయంతో పరుగెత్తాక గానీ, ఆ కుండ ఎవరిదో సంతోషికి తట్టలేదు.

ప్లాటులో గల్లీ అంతా పోగైంది. గురిగికి బారెడు దూరంలో గుండ్రంగా నిలబడ్డారు. ముందు సాంబయ్య ఉన్నాడు. మిల్లులో పని మానుకున్న పెద్దమనిషి, ముగ్గు పోసే దగ్గర్నుంచి పాము కాటు దాకా గల్లీలో అందరూ ఆయన్నే అడుగుతారు.

"ఎవ్వలు ముట్టద్దు. ముట్టినోని మీదికే మళ్ళుతది. ఉన్నకాడనే కిరసనాయిలు పోసి కాలవెట్టాలె" అంటున్నాడు. సీసా అప్పటికే చేతిలో ఉంది. ఎవరో కర్రతో ఎండుటాకులు గురిగి చుట్టూ తోశారు.

సంతోషి జనం వెనకే ఆగింది. నాదే, లోపల ఉన్నది బ్యాటరీ అంటే నమ్మేదెవరు? పసుపు కుండ, ఎర్రగుడ్డ, దొంగచూపులు చూసి పెట్టి రావడం, అన్నింటికీ మించి అమావాస్య. ఆమె పుట్టిన ఊళ్ళో ఒక ముసలమ్మకు ఇట్లాంటి పేరే పడితే, చచ్చేదాకా ఎవరూ ఆమె గడప తొక్కలేదు. ఇంటి ఓనరు చెవిన పడితే సామాను బయటపెట్టిస్తాడు. గౌతమికి సంబంధాలు చూసే రోజుల్లో ఆ పేరు పిల్ల వెంట కూడా వస్తుంది.

ఇసుకలో ఉంది కదా, ఏమీ కాకపోవచ్చులే అనుకుందామని చూసింది. ఏమీ కాదు అనుకోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేని పని. ఎంత ప్రయత్నించినా చేతకాలేదు. కుండ పగలడం, సాంబయ్య మొహం, పక్కనే రాజ్యం చీర కొంగు, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి.

సాంబయ్య వంగి సీసా బిరడా తీశాడు.

"మామా, ఆగు! పొయ్యకు! గది నాది!"

అందరి తలలూ తిరిగాయి. రాజ్యం ఒకడుగు వెనక్కి వేసింది.

"నీదా? నువ్వు పెట్టినవా?" అన్నాడు సాంబయ్య. గొంతు మారిపోయింది.

"నేనే మామా. అండ్ల ఏం మంత్రం లేదు. మా ఆయన ఫోను బ్యాటరీ, ఉబ్బింది. మంట తగిలితే పేలుతదని పిల్ల చెప్పింది. ఇంట్ల పెట్టనీకి భయమై ఈడ పెట్టిన."

"బ్యాటరీకి పసుపు కుంకుమ ఎందుకు బిడ్డా?"

"నోము గురిగి మామా, పెట్టిన బొట్లు కడగలే. ఇంకో మట్టిపాత్ర లేకపాయె."

"మరి ఎర్రగుడ్డ? గది గూడ నోముదేనా?" వెనక నుంచి ఎవరో అన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

ఇక మాటలతో లాభం లేదనుకుని సంతోషి ఆకులు కాళ్ళతో జరిపి, గురిగి ఎత్తి, ముడి విప్పింది. జనం ఇంకో బారెడు వెనక్కి జరిగారు. వేళ్ళతో ఇసుక తీసి బ్యాటరీ పైకెత్తి చూపించింది. అప్పటికీ అందరి కళ్ళూ దాని మీద కాదు, ఆమె భుజం మీద వేసుకున్న ఎర్రగుడ్డ మీదే ఉన్నాయి.

రాజ్యం కళ్ళు చిట్లించుకుని ముందుకొచ్చింది. ఇంకా ముందుకొచ్చి, గుడ్డ అంచు పట్టుకుని చూసింది.

"ఇది నేను పెట్టిన జాకెట్టు ముక్క కాదుటే?"

సంతోషి తల దించుకుంది.

"శ్రావణ శుక్రవారం పిలిచి, బొట్టు పెట్టి, తాంబూలంలో పెట్టి ఇచ్చానే! మా కొట్లో తానులోంచి చింపించిన గుడ్డ! కుట్టించుకోలేదన్నమాట!"

"జర పలచగుంది అక్కా..."

"పలచగుందా? కుండకి కట్టడానికి మాత్రం సరిపోయిందా?" రాజ్యం గల్లీ వైపు తిరిగి చేతులూపింది. "చేతబడీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇది మా కొట్టు గుడ్డే. వెళ్ళండర్రా, వెళ్ళండి. చేతబడి చేసేది ఎక్కడైనా పైవాటా ఆవిడ ఇచ్చిన జాకెట్టు ముక్కతో చేస్తుందా?"

ఒకరు నవ్వారు. ఆ వెంటే నలుగురు నవ్వారు. సాంబయ్య ఒక్కడు నవ్వలేదు. బిరడా బిగించి, "బ్యాటరీ అయితే అయింది గని, గది మల్ల ఈ గల్లీల ఉండద్దు" అన్నాడు.

"నేను గూడ పొద్దటి సంది గదే అంటున్న మామా" అంది సంతోషి.

రేపటిదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. ఇంటికి తాళం వేసి, బ్యాటరీ మళ్ళీ ఇసుకలో పెట్టిన గురిగి ఒళ్ళో పెట్టుకుని హబ్సిగూడకు షేర్ ఆటో ఎక్కింది. ఎప్పుడూ సగం బయటికి వేలాడుతూ కూర్చునే ఆటోలో ఈసారి ఆమెకు విశాలంగా చోటు దొరికింది. పక్కనామె గురిగిని ఒకసారి చూసి డ్రైవరు వైపుకు మారిపోయింది.

సెంటర్లో కౌంటరు దగ్గరి అమ్మాయి బ్యాటరీ చూసి, "టేపు వేసి మంచి పని చేశారండీ" అంది. తలుపు పక్కన పాత బ్యాటరీల డబ్బా ఉంది కానీ అందులో వేయలేదు. ఉబ్బినవి వేరేగా పెడతామని, ఇసుకతో సహా గురిగిని లోపలికి తీసుకెళ్ళి ఒక ఇనుప పెట్టెలో ఉంచింది.

"రాత్రి ఈడ ఎవరన్న పండుకుంటరా అమ్మా?" అని అడిగింది సంతోషి.

"ఎవరూ ఉండరండీ."

అది విన్నాక గానీ మెట్లు దిగలేదు.

తిరిగి వచ్చేసరికి ఎండ వాలుతోంది. నడిచొస్తున్నంత సేపూ గల్లీలో ఎవరు పలకరిస్తారు, ఎవరు మొహం తిప్పుకుంటారు అని మనసులో కూడికలే. వెనక ప్లాటులో సాంబయ్య పసుపు నీళ్ళు చల్లించాడని తడి చూస్తే తెలుస్తోంది. నల్లా దగ్గర ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. రెండు రోజులకోసారి వచ్చే నీళ్ళు ఆమె లేనప్పుడు వచ్చి, ఇప్పుడే బందయ్యాయి. సంతోషి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అలా నిలబడ్డావేం? నీ బిందెలు రెండూ పట్టి గుమ్మంలో పెట్టాను" అంది రాజ్యం, తన బిందె చంకకెత్తుకుంటూ. "మూతలు లేవు, ఏ బల్లి పడుతుందోనని ఇక ఆలోచించుకో."

సంతోషి ఇంటికేసి పరుగు తీసింది.