దవడ కింద అరచెయ్యి

నర్సమ్మ కొత్తగూడ చౌరస్తా మూలదాకా ఊడ్చుకొచ్చి, పొడుగు చీపురును డివైడరుకు ఆనించి, ఒంటిమీది మెరుపు పట్టీల కోటు విప్పింది. చీపురు చేతిలో ఉంటే కుక్క దగ్గరికి రాదు. కోటు ఉన్నా రాదు. రెండూ అక్కడే వదిలి, కొంగున కట్టుకున్న ఉడికిన గుడ్డు తీసుకుని ఫ్లైఓవర్ కిందికి నడిచింది.

అప్పుడప్పుడే తెల్లారుతోంది. పైన ఆఫీసు క్యాబులు పోతుంటే కాంక్రీటు లోలోపల గుర్రుమంటోంది. చివరి స్తంభం వెనక, కేబుళ్ల కోసం తవ్వి సరిగా పూడ్చకుండా వదిలేసిన గుంటలో ఆ కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు ఒళ్లు, అంచు చిరిగిన చెవి, నేలకు ఆనని వెనక కాలు.

నర్సమ్మ దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి చతికిలబడింది. యాభై ఏళ్లు నిండని మనిషే అయినా కూర్చునేటప్పుడు మోకాళ్లు రెండూ కటకటమంటాయి. చీపురుకట్ట పట్టీ పట్టీ కుడిచేతి వేళ్లు పూర్తిగా చాచుకోవు. ఆ వంకర వేళ్లతోనే గుడ్డు చిదిపి ఒక ముక్క దూరంగా విసిరింది. దాని ముఖంలోకి మాత్రం చూడలేదు.

పోయిన వానాకాలం ఈ చౌరస్తాలోనే ఆమె ఒక్కగానొక్క కొడుకు సాయిచంద్ చచ్చిపోయాడు. ఇళ్లకు భోజనం పార్శిళ్లు చేరవేసే పని వాడిది. వానలో బండి మీద వస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. తప్పించబోయి డివైడరుకు కొట్టుకున్నాడు. "గా కుంటికుక్కనే అమ్మా. దాని కాలు గూడ అప్పుడే ఇరిగింది" అని టీకొట్టతను చూపించాడు.

దినాలు కాగానే నర్సమ్మ రాయి పట్టుకుని వచ్చింది. కుక్క పారిపోలేక గుంటలో ముడుచుకుపోయి, వణుకుతూ రాయికేసి చూసింది, తరవాత ఆమెకేసి చూసింది. ఆ కళ్లు చూసేసరికి నర్సమ్మకు తోచింది ఒక్కటే. తన బిడ్డ ముఖాన్ని ఆఖరిసారి చూసినవి ఇవే. చేతిలోంచి రాయి ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియదు. ఊడవడానికి వేరే రోడ్డు ఇస్తానని సూపర్‌వైజర్ అన్నా వద్దంది.

మర్నాటినుంచి రొట్టె పట్టుకొచ్చి దాని మూతి దగ్గర పెట్టబోయేది. అది పళ్లు బయటపెట్టి గుర్రుమనేది. ఎదుటి టవర్లో నైట్ షిఫ్ట్ చేసి, ఇంటికి పోతూ వీధికుక్కలకు తిండి పెట్టే బ్లెస్సీ అది చూసింది. కాకినాడ పిల్ల.

"అలా మీదకి వెళ్లకండి ఆంటీ. పైనుంచి వచ్చే చెయ్యంటే దానికి దెబ్బే గుర్తొస్తుంది. పక్కకి తిరిగి కూర్చోండి. దూరంగా వెయ్యండి. రావాలో వద్దో దాన్నే అనుకోనివ్వండి."

నర్సమ్మకు ఆ మాట వింతగా తోచింది. పెళ్లి, ఊరు విడిచి రావడం, మొగుడు జబ్బుచేసి పోవడం, చీపురు పట్టడం, ఏదీ ఆమెను అడిగి జరగలేదు. అయినా బ్లెస్సీ చెప్పినట్టే చేసింది. చలికాలమంతా ముక్కలు విసిరింది. ఒక్కో ముక్కా కాస్త దగ్గరగా. అది వెనక్కిపోతే పోనిచ్చింది. ఎండలు ముదిరేనాటికి అరచేతిలోంచి తినసాగింది. తరవాత దవడ కింద వేలు తగిలించడం, వెంటనే గుడ్డుముక్క. మెడపట్టీ వాసన చూపించడం, వెంటనే గుడ్డుముక్క. పట్టీని ఉంగరంలా పట్టుకుని అవతల ముక్క చూపిస్తే, ఒకనాడు దానంతటదే తల దూర్చింది.

తింటూ తింటూ అది ఒక్కోసారి ఆగిపోయేది. నర్సమ్మ భుజం మీదుగా రోడ్డుకేసి చూస్తూ చెవులు నిక్కించేది. తోక నేలమీద మెల్లగా కదిలేది, తెలిసినవాళ్లెవరో వస్తున్నట్టు. మొదట్లో నర్సమ్మ గిరుక్కున వెనక్కి తిరిగేది. కొత్తగా రంగేసిన డివైడరు తప్ప ఏమీ కనిపించేది కాదు. తరవాత తిరగడం మానేసింది. తిరిగి చూస్తే, వచ్చినవాడు పోతాడేమోనని భయం.

ఇవాళ బ్లెస్సీ కారు తెచ్చింది. గోపన్‌పల్లిలో రామబ్రహ్మం అనే రిటైరైన మాస్టారు కుక్కను పెంచుకుంటానన్నాడట. చుట్టూ గోడ ఉన్న ఇల్లు. ఇక్కడైతే పోయిన వారమే ఒక టిప్పరు కుక్క తోకను రాసుకుంటూ పోయింది.

"వలేసి పట్టిస్తే ఇంక మనిషిని నమ్మదండి. మీరు పిలిస్తేనే వస్తుంది" అంది బ్లెస్సీ కారు దగ్గరే నిలబడి.

నర్సమ్మ మెడపట్టీ పెట్టింది. కుక్క తప్పుకోలేదు. దాని దవడ కింద అరచెయ్యి ఉంచితే తల బరువంతా అందులో వదిలింది. అంత బరువు ఆమె చేతిలో ఎవరూ పెట్టి చాలాకాలమైంది.

"ఆఖరికేమన్న అన్నడా బిడ్డా?" అంది వినీ వినపడకుండా. "నన్ను యాది జేసిండా?"

కుక్క ఆమె వేళ్లకంటిన గుడ్డుసొన నాకింది.

కారు తలుపు తీసి ఉన్నా అది ఎక్కలేదు. నర్సమ్మే ముందు ఎక్కి కూర్చుంది. కుక్క కాసేపు చూసి, ముందుకాళ్లు సీటు మీద వేసి, కుంటికాలు ఈడ్చుకుంటూ ఎక్కి, ఆమె తొడమీద తల పెట్టింది. మిగిలిన గుడ్డంతా పెట్టేసి, అది తింటుండగా నర్సమ్మ అవతలి తలుపులోంచి దిగిపోయింది. ఇన్నాళ్లూ నమ్మించింది ఇందుకేనా అనిపించింది.

"ఆదివారం మీరూ రండి ఆంటీ. చూద్దురుగాని."

"వస్త తియ్ బిడ్డా. జర మెల్లగ నడుపు. గతుకులొస్తె బెదురుతది."

కారు మలుపు తిరిగేదాకా నిలబడి, తిరిగొచ్చి కోటు తొడుక్కుంది. ఇంకా ఊడ్వాల్సిన రోడ్డు చాలా ఉంది. ఇక బెదిరేవాళ్లు లేరు గనక చీపురుతోనే స్తంభం వెనక్కి పోయింది. గుంటలో వెంట్రుకలు, గుడ్డుపెంకులు, ఎండుటాకులు. అన్నీ లాగుతుంటే అడుగున మట్టిలో చీపురు దేనికో తట్టుకుంది. వంగి చేత్తో మట్టి తీసింది.

సాయిచంద్ ఎడమకాలి చెప్పు. తెగిన పట్టీకి గోనెదారంతో ఆమె వేసిన కుట్టు అలాగే ఉంది. ఎక్కడా పంటిగాటు లేదు. అట్ట మీద వాడి అయిదు వేళ్లూ నొక్కుకున్న గుంటలు, నాకీ నాకీ నున్నబడి, పొద్దుటి వెలుతురులో మెరుస్తున్నాయి.