చెవులడిగిన గొర్రె

నారిన్ కొండల్లోని ఆ బళ్ళో రెండో తరగతి చెప్పే జూరాకాన్‌కు గంట కొట్టాక చివరి పని పేడ ఎత్తడం. ఏం చేస్తుంది మరి! పిల్లలకు ఆవిడ మాటలు నేర్పేది కథ పాటతో. ఒక్కొక్కరూ ఒక పాదం కట్టి కలపాలి. పాదంలో ఏ జీవి ఉంటే అది నిజంగానే లోపలికొచ్చి నిలబడుతుంది. ఈ ఏడు పిల్లలు తప్పిపోయిన కూనను వెతికే గుర్రం కథ ఎత్తుకున్నారు. ఆ గుర్రం ఏరు దాటొచ్చి, బురద దులిపి, రొట్టెల సంచుల పక్కనే ఇంత పేడ వేసి పోతుంది.

"ఛీ, వచ్చే ఏడు పువ్వుల కథే!" అని ఆవిడ ఏటా అనుకుంటుంది. పిల్లలు వింటేనా!

ఒక్క కుందూజ్ మాత్రం పాదం కట్టదు. ఇంట్లో తాతతో గలగలలాడే పిల్ల, బళ్ళో నోరు విప్పదు. ఇవాళ తనిఖీకొచ్చే సాబిర్‌బెక్ ముందు కూడా మాట్లాడకపోతే పట్నంలో మూగపిల్లల హాస్టలుకు పంపేస్తారు. తాత అప్పుడే దుప్పటి మూట కట్టేశాడు.

సాబిర్‌బెక్ వస్తూనే పేడలో కాలేశాడు.

"ఇది బడా, కొట్టమా?"

"గుర్రం కథతో మాటలు నేర్పుతున్నానండీ."

"మాటలు పుస్తకంలో లేవూ? ఏయ్ పిల్లా, నీ పేరేంటి?"

కుందూజ్ నేల చూపులు చూసింది.

"మూగదే. రేపు బండి పంపుతా."

మధ్యాహ్నం అతిథి కదాని గొర్రె తల ఉడికించి ముందు పెట్టారు. తల అందుకున్న పెద్దమనిషి చెవి కోసి దగ్గరున్న చిన్నపిల్లకివ్వాలి, అది అక్కడి ఆచారం. కుందూజ్ రెండు చేతులూ చాపి నిలబడింది. ఆయన ఒక చెవి కరకర నమిలాడు. రెండోదీ నమిలాడు. కొవ్వు గడ్డం మీంచి చొక్కా మీదకి కారింది. వేళ్ళు చీకి, బ్రేవ్‌మని త్రేన్చాడు. జూరాకాన్‌కు గుర్రం పేడే నయమనిపించింది.

చాపిన చేతులు దించకుండానే కుందూజ్ పాట అందుకుంది:

"చెవుల్లేని గొర్రె వచ్చె,
బండ మెట్లు ఎక్కి వచ్చె,
నావి నాకు ఇవ్వమంటూ
నమిలే నోట్లో తొంగిచూసె!"

గొర్రె వచ్చింది. తడిసిన ఉన్ని కంపు, కారే ముక్కు, తలకు రెండు పక్కలా నున్నగా. తిన్నగా వెళ్ళి ఆయన పెదాల దగ్గర మూతి పెట్టింది. ఆయన కుర్చీ జరిపితే అదీ జరిగింది.

"తోలవమ్మా దీన్ని!"

"ఎవరి పాదంలో వచ్చినదాన్ని వాళ్ళే ఇంకో పాదంతో తోలాలండీ. ఆ పిల్లేమో మూగదాయె, మీరే అన్నారు," అంది జూరాకాన్.

"ఎవరన్నారు మూగదని! తల్లీ, నువ్వెక్కడికీ పోవద్దు, ఇక్కడే చదువుకో. దీన్ని మాత్రం పొమ్మను!"

కుందూజ్ వేళ్ళ మీద ఏవో లెక్కేసుకుంది.

"పాదం కుదరట్లేదు. రేపు చెప్తా."

ఆయన జీపెక్కాడు. గొర్రె కూడా ఎక్కి పక్కన కూర్చుని, దారంతా ఆయన నోరే చూస్తూ పోయింది. తాత మూట విప్పి దుప్పటి ఎండలో ఆరేశాడు.

జూరాకాన్ పార తెచ్చింది. పేడ మీద ఇప్పుడు గొర్రె పెంటికలు కూడాను.

"ఛీ ఛీ!" అని ముక్కు మూసుకుని, "రేపు మొదటి పాదం ఎవరిది?" అంది.

కుందూజ్ చెయ్యెత్తింది.