గొంతు అక్కర్లేని శబ్దాలు

జయమణి టీచరు పాత క్యాలెండరును వేలెడు వెడల్పు ముక్కలుగా చింపి పిల్లలకు పంచింది. పెదాల ముందు పట్టుకోమంది. హిందీ మాట్లాడే ఊళ్లో తెలుగువాళ్లుండే భుయ్యాడీహ్ బస్తీ బడిలో ఏ ఏడాదైనా ఆమె ఇంగ్లీషు పాఠం ఇలాగే మొదలవుతుంది.

"పెన్," అంది. ఆమె కాగితం ఎగిరింది. పిల్లలూ అన్నారు. వాళ్ల కాగితాలు బద్ధకంగా వేలాడాయి.

"మన 'ప' కాదర్రా. పెదాలు బిగించి, గాలి ఒక్కసారిగా వదలండి."

పైట కింద జయమణి గొంతులో గడ్డ సలుపుతోంది. సాయంత్రం బండికి ఆమె వెల్లూరు వెళ్లాలి. అక్కడ స్వరపేటిక తీసేస్తారు. ప్రాణానికి భయం లేదుగానీ మాట ఉండదనీ, ఊపిరి కూడా ఇక నోటి గుండా రాదనీ అన్నారు. ఇంట్లో తల్లి త్రేసమ్మకు చూపు లేదు. కూతుర్ని గొంతుతోనే పోల్చుకుంటుంది. తిరిగొచ్చాక అమ్మను ఎలా పిలవాలన్నదే జయమణి దిగులు.

ముందు బెంచీలోని పైడితల్లిని పిలిచి, ఆ పిల్ల చేతిని తన గొంతు మీద పెట్టుకుంది. ఇంగ్లీషు 'జూ'లోని మొదటి శబ్దాన్ని సాగదీసి పలికింది.

"లోపల మచ్చర్, అదే దోమ, ఉన్నట్టుంది మేడం. భన్‌భన్ అంతంది."

పిల్లలు నవ్వారు. జయమణి కూడా నవ్వి, "స్‌స్‌స్" అంది.

"ఇప్పుడు ఎగిరిపోనాది."

"మరి శబ్దం?"

"ఇనిపించింది మేడం. ఉట్టి గాలి."

జయమణి ఆ చేతిని కాసేపు వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి త్రేసమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. జయమణి ఊపిరి బిగబట్టి, పెదాలు మాత్రం కదిపి "అమ్మా" అనబోయింది. ఏమీ రాలేదు. ఆ పిలుపు మొత్తం గొంతులోంచే రావాలి. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఆ సంగతి ఇప్పుడే తట్టింది.

ఊపిరి వదలకుండానే పెదాలు బిగించి, "ప్... ప్" అంది.

"ఎవులది? కోడిపిల్లల్ని పిలుత్తన్నావేటి?"

"నేనేనమ్మా. వచ్చాక నిన్ను ఇలా పిలుస్తాను."

త్రేసమ్మ చేయి చాచి కూతురి ముఖం తడిమింది. వేళ్లు పెదాల దగ్గర ఆగాయి. "మళ్లీ అను." విన్నది. "పోల్చుకుంతానులే. మరి నాను పలకాల గదా, నాకూ నేర్పు."

"నీకు గొంతుందిగా అమ్మా."

"నీకు లేనికాడ నాకెందుకే."

జయమణి సంచిలోంచి క్యాలెండరు ముక్క తీసి తల్లి చేతికిచ్చింది. పళ్లు లేని నోట్లోంచి గాలి పక్కకు పోతోంది. నాలుగైదుసార్లు అన్నాక కాగితం చివర త్రేసమ్మ వేలికి తగిలింది.

"కదిలిందే," అంది, చిన్నపిల్లలా.

తమ్ముడు రత్నకుమార్ రిక్షా తెచ్చాడు. జయమణి పెట్టెతో ఎక్కి కూర్చుంది. "వెళ్లొస్తానమ్మా," అని గొంతెత్తి చెప్పింది. ఆ మాట గాలిలో ఆగిపోయేదాకా త్రేసమ్మ కదల్లేదు. తర్వాత కాగితాన్ని పెదాల ముందు పట్టుకుంది. రిక్షా సందు మలుపు తిరిగినా "ప్... ప్" అంటూనే ఉంది.

పక్కింటి నూకమ్మ అన్నానికి పిలిస్తే, తడుముకుంటూ ఆ ముక్కను చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టి లేచింది. తడిసిన అంచు ఒక్కటే బయటికి మిగిలి, దగ్గర్లోని నది వైపు నుంచి వచ్చే గాలికి మెల్లగా కదులుతోంది.